కట్టని గదులకు కొత్త సున్నం

పోయిన ఆదివారం పొద్దున దినపత్రిక మడత విప్పగానే అందులోంచి నున్నటి రంగుల పుస్తకం ఒకటి జారి నా ఒళ్లో పడింది. అట్ట మీద మా ప్రాంతపు ప్రజాప్రతినిధి రెండు చేతులూ జోడించి, తన పెళ్లిలో పెళ్లికొడుకు కూడా నవ్వనంత నిండుగా నవ్వుతున్నాడు. ఆయన తల వెనక సూర్యుణ్ణి ఉదయింపజేశారు. ఈ పుస్తకం వేసినవాళ్లకు సూర్యుడు కూడా కార్యకర్తే అన్నమాట. సామాజిక, యువజన వికాసంలో ఆయన ఏడాది పాటు చేసిన సేవ అంతా లోపల ఉందని అట్ట చెబుతోంది కాబట్టి, పనీ పాటా లేని రిటైర్డు పంతులుని గనక, కళ్లజోడు తుడుచుకుని చదవడానికి కూర్చున్నాను.

వనపర్తిలో యువకులకు వాలీబాల్ పంచుతున్న బొమ్మ ఉంది. బంతి ఒకటే, దాన్ని పట్టుకున్న చేతులు మాత్రం పదిహేను. గద్వాలలో ఉద్యోగ మేళా అట, అందులో ఉద్యోగం వచ్చినవాడి బొమ్మ ఒక్కటీ లేదు గానీ మేళాను జ్యోతి వెలిగించి ప్రారంభించిన బొమ్మలు నాలుగున్నాయి. నాగర్‌కర్నూల్‌లో వ్యాయామశాల, దానికి కట్టిన రిబ్బను, రిబ్బను కోసిన కత్తెర, కత్తెర పెట్టిన వెండి పళ్లెం, అన్నీ స్పష్టంగా పడ్డాయి. వడ్డేపల్లిలో యువతకు దేశభక్తి మీద ఉపన్యాసం ఇచ్చారు, వేదిక మీదివాళ్లు మాత్రం అందరూ అరవై దాటినవాళ్లే. నవ్వుకుంటూ పేజీలు తిప్పుతున్నవాణ్ణి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "నిద్రాణమైన గ్రామీణ యువశక్తిలో చైతన్యదీప్తిని రగిల్చారు" అని ఉంది. నిద్రాణమైన యువశక్తి, చైతన్యదీప్తి, ఈ రెంటినీ ఇలా జంట కట్టింది నేను. నలభై ఏళ్ల కిందట, ఇప్పుడీయనకు ముందున్నవాడికి ముందున్నవాడికి, నా చేత్తో, నల్ల సిరాతో రాసిన వాక్యం అది. ప్రతినిధులు మారారు, పార్టీల రంగులు మారాయి, ఆ వాక్యం మాత్రం ఒక నివేదికలోంచి ఇంకో నివేదికలోకి ఎక్కిస్తూ ఎక్కిస్తూ నా ఒళ్లోకే తెచ్చి పడేశారు.

మరో రెండు పేజీలు తిప్పితే మా ఊరి పేరు కనిపించింది. గోపాల్‌పేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్లో శిథిలావస్థకు చేరిన యువజన వికాస భవనాన్ని పునరుద్ధరించి, సున్నాలు వేయించి, యువతకు అంకితం చేశారట. పక్కన బొమ్మలో పూలదండ వేసిన పాలరాతి ఫలకం తప్ప భవనం లేదు.

ఆ భవనం నాకు బాగా తెలుసు. దాన్ని కలంతో కట్టింది నేనే.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, ఆ రోజుల్లో మా మెట్ట ఊళ్లలో దసరా వెళ్లిందంటే మేస్త్రీ లారీ వచ్చేది. మట్టి పని చేసే గుంపులన్నీ గిన్నెలు, గోనెసంచులు, పసిపిల్లలతో సహా లారీ ఎక్కి ఎక్కడో దూరదేశంలో కాలువలు తవ్వడానికి పోయి ఉగాదికి తిరిగొచ్చేవి. మా అమ్మా నాన్నా ఆ గుంపులోవాళ్లే. నేను మాత్రం వనపర్తిలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను, ఎందుకంటే ఆ ఇంట్లో మగపిల్లవాడికి చాప వేసేంత చోటుంది, ఆడపిల్లకు లేదు. నాకంటే పదేళ్లు చిన్నదైన చెల్లెలు ప్రతి ఏడూ దసరాకు పలక మూటగట్టుకుని అమ్మ వెంట పోయేది. ఉగాదికి తిరిగొచ్చేసరికి బడిలో దాని పేరు కొట్టేసి ఉండేది. ఒకటి రెండు తరగతులు రెండేసి మార్లు చదువుతూ ఐదు గట్టెక్కిందంటే దాని మొండితనం ఎంతో మీరే ఊహించుకోండి. ఇక ఆరో తరగతికి గోపాల్‌పేట హైస్కూలుకు నడిచి పోవాలి. పోవడానికి అది సిద్ధమే. పెద్దవాళ్లు వలస పోయిన ఆ ఆరు నెలలూ ఊళ్లో పడుకోవడానికి ఒక కప్పు, తినడానికి ఒక ముద్ద ఉంటే చాలు.

నేను డిగ్రీ ముగించి ఉద్యోగం లేక తిరుగుతున్న కాలం అది. తిరుగుతున్నానని అప్పుడు నేను ఒప్పుకునేవాణ్ణి కాదు, సంఘాన్ని సంస్కరిస్తున్నాను అనుకునేవాణ్ణి. ఆదివారం ఉదయాల్లో వనపర్తి గ్రంథాలయం వరండాలో మా చర్చామండలి కూర్చునేది. ఎవరు ఏ మాట అన్నా మిగతావాళ్లంతా ఒక్క గొంతుతో "రుజువేది?" అని అడగాలి, అదే మా నియమం. దేవుడికీ, దయ్యానికీ, జాతకానికీ, పుట్టుకతో వచ్చిన పెద్దరికానికీ అందరికీ అదే ప్రశ్న వేసేవాళ్లం. ఒక ఆదివారం నేను మా చెల్లెలి మెడలోని తాయెత్తు అడిగి తీసుకుపోయి, వరండాలో అందరి ముందూ బ్లేడుతో కోసి, లోపల ముడిచి పెట్టిన కాగితం ముక్క తీసి చూపించాను. అర్థం పర్థం లేని గీతలు! ఎవడో గీసిన గీతలు మట్టి తట్ట కింద పిల్ల మెడ విరగకుండా కాపాడతాయా అని నేను ఉపన్యసిస్తే చప్పట్లు మారుమోగాయి. ఇంటికొచ్చి చెబితే అమ్మ కొత్త తాయెత్తు కట్టించడానికి పోయింది. కాగితం మీది రాతను చదవకుండా నమ్మే జనం ఎప్పుడు బాగుపడతారని నేను ఆ వారమంతా బాధపడ్డాను కూడా.

అలాంటి రోజుల్లోనే అప్పటి ప్రతినిధి నా ఉపన్యాసం ఒకటి విని కబురు చేశాడు. మంచి మనిషి అని చెప్పలేను, చెడ్డ మనిషి అనడానికి కావలసిన శ్రమ కూడా ఆయన ఎన్నడూ పడలేదు. ప్రతి ఏడూ దసరాకు ముందు మహాసభ పెట్టి, ఏడాదిలో తాను చేసిన సేవను అచ్చువేసి చదివించుకోవడం ఆయనకు వ్రతం. చదివేవాడు గొంతున్నవాడై ఉండాలి, రాసేవాడు తెలుగున్నవాడై ఉండాలి, రెండూ నాలో దొరికాయి. నేను వెంటనే ఒప్పుకోలేదు, ఒక షరతు పెట్టాను. మా ఊళ్లో వలస కూలీల పిల్లలు ఉండి చదువుకోవడానికి రెండు గదులు కట్టించాలన్నాను. ఆయన నా భుజం తట్టి ఆ వారంలోనే వచ్చి శంకుస్థాపన చేశాడు. రెండు గదులకు యువజన వికాస భవనం అని తానే పేరు కూడా పెట్టాడు. కొబ్బరికాయ కొట్టి, పసుపు నీళ్లు చల్లి, మంత్రం చదువుతుంటే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. నా హేతువాదం ఆ రోజు అంతవరకే పనిచేసింది.

మర్నాటినుంచి పని మొదలు కావాలి. కాలేదు. పోయి అడిగితే ఆయన పక్కనుండే పంచాంగం పంతులు, ఇప్పుడు మూఢం నడుస్తోంది, శుక్రుడు కనిపించని రోజుల్లో గోడ లేపితే ఇంటి యజమానికి అరిష్టం అన్నాడు. ఆ ఇంటికి యజమానులు తట్టలు మోసే పిల్లలు, వాళ్లకు కొత్తగా రాగల అరిష్టం ఏమిటో నాకు అర్థం కాలేదు. శుక్రుడు కనిపించేసరికి ఆషాఢం వచ్చింది, ఆషాఢం పోయేసరికి వానలొచ్చాయి, వానలు తగ్గేసరికి నివేదిక అచ్చుకు పోవలసిన రోజు వచ్చింది.

నేను రాసిన ప్రతిలో భవనానికి శంకుస్థాపన జరిగిందని మాత్రమే ఉంది. ప్రతినిధి ఆ చోట వేలు పెట్టి, పళ్లు కుట్టుకుంటూ తీరిగ్గా చూసి, "గిదేంది తమ్మీ, రాయి పెట్టినమని రాస్తే ఎవడు చప్పట్లు కొడ్తడు? అయిపోయిందని రాసెయ్. అచ్చయి వచ్చేలోపల గోడలు లేస్తయి, నాది పూచీ" అన్నాడు.

రుజువేది అని నేను అడగలేదు. అడగకపోవడమే కాదు, ఇంటికి పోయి ఆ భవనాన్ని చాలా శ్రద్ధగా కట్టాను. ధారాళంగా గాలీ వెలుతురూ ప్రసరించే రెండు విశాలమైన గదులు, తూర్పున కిటికీలు, గోడల మీద నీతివాక్యాలు, సాయంకాలం పిల్లలు గొంతెత్తి పద్యాలు చదువుతుంటే దారిన పోయే బాటసారి ఒక క్షణం ఆగి వినడం, అన్నీ రాశాను. బాటసారి వరకు వచ్చేసరికి నా కళ్లు కూడా చెమర్చాయి. ఇంతకంటే సిగ్గుమాలిన కన్నీరు నేను జీవితంలో కార్చలేదు.

మహాసభ వనపర్తిలో జరిగింది. ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో జనాన్ని తోలుకొచ్చారు, వాళ్లలో మా అమ్మా చెల్లెలూ ఉన్నారని నేను వేదిక ఎక్కాకే చూశాను. మైకు ముందు నిలబడి నా బాటసారితో సహా మొత్తం చదివాను. మా ఊరి పేరు వచ్చినప్పుడు ఆడవాళ్ల వరుసలో చెల్లెలు లేచి నిలబడింది. వెనకవాళ్లు కూర్చోమని కసిరితే కూర్చుంది. ఆ తర్వాత నేను ప్రతినిధి పక్కన భోజనానికి కూర్చున్నాను గనక వాళ్లెప్పుడు వెళ్లిపోయారో నాకు తెలియదు.

తర్వాత జరిగింది అమ్మ చెప్పగా విన్నాను. అన్న మైకులో చదివాడు, అచ్చులో ఉంది, అన్న అబద్ధం చెప్పడు, అంతే దాని లెక్క. మర్నాడు పొద్దున్నే తన రెండు జతల బట్టలూ, ఒక కంచమూ, పలకా మూటగట్టుకుని భవనంలో చేరడానికి పోయింది. శంకుస్థాపన నాటి నుంచి అది అటు పోలేదు, ఊరి చివర పసుపు పూసిన రాయి, దాని పక్కన మేకలు తప్ప ఏమీ లేవు. అచ్చులో ఉన్నది లేకుండా ఎలా పోతుంది, హైస్కూలు గోపాల్‌పేటలో గదా, భవనం కూడా అక్కడే కట్టి ఉంటారు అనుకుని, మూట నెత్తిన పెట్టుకుని ఆరు కిలోమీటర్లూ నడిచి పోయింది. అక్కడి సర్కారు ఆఫీసులో గుమాస్తా ఒకాయన దాన్ని కూర్చోబెట్టి, పాపం మంచివాడే, బల్ల సొరుగులోంచి మా నివేదిక తీసి వేలు పెట్టి చూపించాడట.

"మీ ఊర్లనే ఉన్నది గద బిడ్డా. ఇగో, రెండు గదులు. కిటికీలు సుత ఉన్నయి."

"నేను సూసొచ్చిన సారూ, రాయొక్కటే ఉన్నది."

"అచ్చయినంక లేకుంట యాడికి పోతది? మంచిగ సూడు పో."

అది మళ్లీ ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చి మంచిగా చూసిందట. రాయి చుట్టూ తిరిగి, మేకలను అదిలించి, తుమ్మ చెట్ల వెనక కూడా చూసిందట. మా చర్చామండలి వరండాలో ఎన్నడూ అడుగు పెట్టని ఆ పన్నెండేళ్ల పిల్ల, మా అందరిలోకీ తానొక్కతే, రుజువు వెతకడానికి కాలినడకన బయలుదేరింది. ఈ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

దసరా వెళ్లిన మూడో రోజు కొత్తకోట రోడ్డు మీద మేస్త్రీ లారీ ఆగింది. వాళ్లను సాగనంపడానికి పోయాను. చెల్లెలు గిన్నెల మూటల మధ్య కూర్చుని ఉంది, మెడలో కొత్త తాయెత్తు. కోపం లేదు, ఏడుపు లేదు, తెలుసుకోవాలన్న ఆరాటం ఒక్కటే ఉంది.

"అన్నా, ఆ ఇల్లు మనూర్ల కాదా? అదే పేరున్న ఇంకో ఊరున్నదా?"

"మళ్ల మీరొచ్చేసరికి ఉంటది" అన్నాను. ఆ రోజు నేను అనగలిగింది అంతే. నేను అడ్డంగా బ్లేడు పెట్టి కోసిన తాయెత్తులో ఎవడో గీసిన గీతలున్నాయి, ఎవరికీ హాని చేయని గీతలు. నేను రాసింది మాత్రం చదవగలిగినవాళ్లందరూ చదివారు, చదివి ఆ పిల్లను వెనక్కు పంపేశారు.

లారీ దుమ్ము అణగకముందే బస్సెక్కి ప్రతినిధి ఇంటికి పోయాను. దినమంతా అక్కడ ఊళ్లవాళ్లు గుంపులుగా కూర్చుంటారు, ఆయన పడక కుర్చీలో ఉంటాడు. ఇప్పుడైనా పని మొదలుపెట్టండి, ఉగాదికైనా పూర్తవుతుందని అందరి ముందూ అడిగాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

"చదువుకున్నోనివి, గింత తెల్వకపోతె ఎట్ల తమ్మీ? అయిపోయిందని ఊరూరా పంచినంక ఇప్పుడు పునాది తవ్వితే, రాసిందంత అబద్ధమని మనమే చెప్పుకున్నట్టు గాదా? గది కట్టి పరువు తీసుకుంటమా?"

చుట్టూ కూర్చున్నవాళ్లు తలలూపారు. వాళ్లలో మా ఊరివాళ్లు కూడా ఇద్దరున్నారు. కడితే అబద్ధం బయటపడుతుంది కాబట్టి కట్టకుండా ఉండటమే నిజాయితీ అన్నది ఆ వాదం. మా చర్చామండలిలో ఎంత పదును పెట్టిన కత్తీ ఆ తోలు మీద దిగదు. ఆ భవనం అలా పూర్తయిపోయింది. ఆ తర్వాత ఏ పథకం వచ్చినా, ఏ అధికారి వచ్చినా, మీ ఊరికి ఆల్రెడీ ఇచ్చాం గదా అన్న ఒక్క మాటతో మా ఊరిని దాటవేశారు. పక్క ఊళ్లకు హాస్టళ్లు వచ్చాయి, మా ఊరికి నా వాక్యం అడ్డం పడింది.

నేను మీసం మెలేసి ఆ ఇంటి గడప దిగిపోయానని రాయాలని ఉంది. రాయను. ఆ తర్వాత రెండేళ్లు కూడా నివేదిక నేనే రాశాను, ఎందుకంటే పంతులు ఉద్యోగానికి ఆయన ఒక సిఫారసు ముక్క రాసి ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా. నాలుగు దశాబ్దాలుగా సభల్లో, పత్రికల్లో బాబాలనూ, జ్యోతిష్కులనూ, వాస్తు పండితులనూ చీల్చి చెండాడాను. వాళ్ల మీద నాకున్న అసహ్యంలో ఏ కల్తీ లేదు. కానీ వాళ్లందరి కంటే పెద్ద తాయెత్తును తయారు చేసిన చెయ్యి నా మోచేతికే అతికి ఉందని ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రంగుల పుస్తకం చేతబట్టుకుని మర్నాడు కొత్తకోట పోయాను. చెల్లెలు అక్కడ బస్సులాగే చోట మిరపకాయ బజ్జీల బండి పెట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది, లారీ డ్రైవర్లకు దాని బజ్జీ తెలుసు, దాని నోరూ తెలుసు. పుస్తకం తీసుకుని అట్ట మీద బొటనవేలు రాసి చూసి మొహం చిట్లించింది.

"గిదేం కాయితమే అన్నా, జర్రున జారుతది, నూనె పీల్చదు. నువ్వు రాసిన కాలంల కాయితమే నయం, పొట్లానికన్న పనికొస్తుండె."

మా ఊరి పేజీ తీసి చూపించాను. ఐదో తరగతి వరకు, అదీ సగం సగం చదివిన కళ్లతో ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టుకుంటూ మా ఊరి పేరు దాకా వచ్చి ఆగింది. తర్వాత పొయ్యి ఆర్పింది. ఆ బండి మీద పొయ్యి పట్టపగలు ఆరడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు.

"నడువ్, పోయి సూసొద్దం" అంది.

ఆటోలో పోయాం. ఊరి చివర ఆ పాత రాయికి పసుపు బదులు తెల్ల సున్నం కొట్టి ఉంది, అంటే సున్నాలు వేయించారన్నది అక్షరాలా నిజమే, అంతవరకు అబద్ధం లేదు. పక్కన సిమెంటు దిమ్మె, దిమ్మెకు పాలరాతి ఫలకం, ఫలకం మీద ఎండిన దండ, దాని మీద ప్రతినిధి పేరు, ఆయన భార్య పేరు, ఇంకా మండలంలో పేరున్న వాళ్లందరి పేర్లూ ఉన్నాయి. కాస్త దూరంలో మొబైలు చూసుకుంటూ కూర్చున్న యువకులను ఇదేమిటని అడిగితే, "ఏమో సార్, తెల్వదు. ఫొటో కోసం పిలిస్తే వచ్చినం" అన్నారు. నిద్రాణమైన యువశక్తి అంటే వీళ్లే కాబోలు, నిద్రపోవడానికి కూడా వీళ్లకొక గది లేదు.

చెల్లెలు రాయి చుట్టూ ఒకసారి తిరిగింది. పన్నెండేళ్లప్పుడు తిరిగినట్టే తిరిగిందేమో, నాకు తెలియదు, అప్పుడు నేను చూడలేదు. తర్వాత రాయి మీదే కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, నవ్వుతూనే అడిగింది.

"కిటికీలు పెట్టినవ్, గోడల మీద మంచి మాటలు రాసినవ్, దారిన పోయేటోన్ని సుత నిలవెట్టినవ్. మైకుల విన్నదంత యాదికున్నది నాకు. తలుపు యాడ పెట్టినవే అన్నా?"

నా పాత నివేదిక నాకు అక్షరం అక్షరం గుర్తుంది. తలుపు పెట్టలేదు. ఆ భవనంలోకి ఎవరూ పోరని నా చేతికి అప్పుడే తెలుసేమో. ఇద్దరం ఆ రాయి దగ్గరే ఎండ వాలేదాకా కూర్చుని, ఆటో అతను హారన్ కొడితే లేచాం.

ఏం మారింది అని వచ్చే దారంతా ఆలోచించాను. అప్పుడు గోడ లేపడానికి శుక్రుడు అడ్డమొచ్చాడని చెప్పడానికైనా ఒక పంతులు కావలసి వచ్చాడు, ఇప్పుడు సాకు అడిగేవాళ్లే లేరు గనక పంతులుకు కూడా పని పోయింది. కాగితం నున్నబడింది, వాక్యం మాత్రం నాదే. ఆ రోజుల్లో ఒక అబద్ధం రాయాలంటే ఆ ఊరి మనిషే ఒకడు కావలసి వచ్చేవాడు, వాడికి అమ్మ ఉండేది, వాడి మాట నమ్మి మూట నెత్తిన పెట్టుకుని నడిచే చెల్లెలు ఉండేది. ఏళ్లు గడిచాకైనా సరే, ఎదురుగా కూర్చుని తలుపు ఎక్కడ పెట్టావని అడిగేది. ఈ రంగుల పుస్తకం ఎవరు రాశారో దాని మీద లేదు. గోపాల్‌పేట ఎటువైపుందో కూడా తెలియనివాళ్లు, ఎక్కడో చల్లటి గదిలో, పాత నివేదికలు ముందేసుకుని దీన్ని కూర్చి ఉంటారు. ఇప్పుడు మా ఊళ్లో పన్నెండేళ్ల పిల్ల ఎవరైనా మూటగట్టుకుని బయలుదేరితే, తలుపు ఎక్కడని అడగడానికి ఎవరి దగ్గరికి పోతుంది?